హృదయంలో నిలిపిన విగ్రహాలను గుర్తించడం, దించడం ఎలా

యోహాను తన మొదటి పత్రికను ముగించిన తీరు నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. ఐదు అధ్యాయాల పొడవునా వెలుగు గురించి, ప్రేమ గురించి, నిత్యజీవం గురించి రాసి, చిట్టచివరి మాటగా ఆయన ఇలా అంటాడు: "చిన్న పిల్లలారా, విగ్రహముల జోలికి పోకుండ జాగ్రత్తగా ఉండుడి." అంతవరకు ఆ పత్రికలో విగ్రహం అనే మాటే రాలేదు. పైగా ఆయన రాస్తున్నది క్రీస్తును నమ్మి, సంఘంగా కూడుకుంటున్న వాళ్లకు. రక్షణ పొందినవాళ్లకు కూడా ఈ ప్రమాదం తీరిపోలేదని ఆ అపొస్తలుడికి తెలుసు.

నాకు ఆ సంగతి చాలా ఆలస్యంగా అర్థమైంది. పన్నెండేళ్లు సంఘంలో పాటలు నడిపించాను. ఒక ఆదివారం కాపరి ఆ బాధ్యతను ఒక యువకుడికి అప్పగించారు. ముందే చెప్పారు, ఎంతో గౌరవంగా చెప్పారు. ఆ ఉదయం వెనుక వరుసలో నిలబడి పెదవులు కదిపాను గాని, ఒక్క చరణం కూడా నా లోపలి నుంచి రాలేదు. దేవుడు ఆయనే, పాటలు అవే. మైకు మాత్రం నా చేతిలో లేదు. ఇన్నేళ్లు దేవుణ్ణి ఎంత ఆరాధించాను, ఆరాధన నడిపించే నన్ను ఎంత ఆరాధించుకున్నాను అని ఆ రోజు ఇంటికి వెళ్లి లెక్క చూసుకోవలసి వచ్చింది. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి ఆ లెక్కతోనే మొదలైంది.

ఒక మాట ముందే చెప్పాలి. విగ్రహారాధన అనగానే మన వేలు ఇరుగుపొరుగు వాళ్ల వైపు లేస్తుంది. యెహెజ్కేలు 14వ అధ్యాయంలో దేవుడు వేలు చూపించినది ప్రవక్త ముందుకు వచ్చి కూర్చున్న ఇశ్రాయేలు పెద్దల వైపు. వాళ్లు వాక్యం వినడానికి వచ్చారు, విగ్రహాలు మాత్రం వాళ్ల హృదయాల్లో నిలిచి ఉన్నాయి. కాబట్టి ఇది చదివేటప్పుడు మీకు తెలిసిన మరెవరి ముఖమో గుర్తుకు వస్తే, ఆ ముఖాన్ని పక్కన పెట్టి చదవండి.

మొదటి అడుగు: ఎక్కడ వెతకాలో తెలుసుకోండి

చాలామంది చెడ్డ వాటిలో వెతుకుతారు. తాగుడు, జూదం, అశ్లీలత వంటివి పాపాలని మనకు ముందే తెలుసు, వాటి గురించి మన మనస్సాక్షి ఎలాగూ అరుస్తుంది. విగ్రహం ఎక్కువగా మంచి వాటిలోనే పుడుతుంది. దేవుడు స్వయంగా ఇచ్చిన వాటిలో పుడుతుంది.

దీనికి నాకు తెలిసిన అతి గట్టి సాక్ష్యం ఇత్తడి సర్పం. సంఖ్యాకాండం 21వ అధ్యాయంలో పాము కరిచినవాళ్లు దాన్ని చూసి బ్రతికారు. చేయమన్నది దేవుడు, చేసింది మోషే, జరిగింది నిజమైన స్వస్థత. కొన్ని వందల ఏళ్ల తర్వాత 2 రాజులు 18వ అధ్యాయానికి వచ్చేసరికి ఇశ్రాయేలీయులు దానికి ధూపం వేస్తున్నారు, నెహుష్టాను అనే పేరుతో పిలుస్తున్నారు. హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు. ఒక్కసారి ఆలోచించండి: దాన్ని పగలగొట్టడానికి ఎంత ధైర్యం కావాలి! అది అన్యదేవత బొమ్మ కాదు, దేవుడు చేసిన మేలుకు జ్ఞాపకం. మీ జీవితంలోనూ అలాంటివి ఉంటాయి. దేవుడు ప్రార్థన విని ఇచ్చిన ఉద్యోగం, ఎదురుచూడగా పుట్టిన బిడ్డ, కష్టకాలంలో నిలబెట్టిన స్నేహం, ఒకప్పుడు మీ ప్రాణాన్ని కాపాడిన పరిచర్య. వెతకడం అక్కడ మొదలుపెట్టండి.

వెతకవలసిన రెండో చోటు, మీరు ఎదురుచూస్తున్న చోటు. బంగారు దూడ ఎప్పుడు పుట్టిందో గమనించారా? మోషే కొండ దిగి రావడం ఆలస్యమైనప్పుడు. జనం ఒక్కసారిగా దేవుణ్ణి కాదనుకోలేదు. ఎదురుచూపు భరించలేకపోయారు, కంటికి కనిపించేది ఏదో ఒకటి కావాలనుకున్నారు. అహరోను దూడను పోతపోసి, మరుసటి రోజు యెహోవాకు పండుగ అని చాటించాడు. పేరు యెహోవాదే, ఎదురుగా నిలబడినది దూడ. మీరు పెళ్లి కోసమో, సంతానం కోసమో, స్వస్థత కోసమో, స్థిరమైన జీవనం కోసమో ఏళ్ల తరబడి ప్రార్థిస్తూ ఉంటే మీకు దేవుని ఆదరణ చాలా కావాలి. దానితో పాటు కావలి కూడా కావాలి. ఆలస్యంలో మనసు తనకు తోచిన దేవుణ్ణి తయారు చేసుకుంటుంది: నేను అడిగినది ఇస్తేనే మంచివాడయ్యే దేవుణ్ణి.

రెండో అడుగు: రెండు వారాలు గమనించి రాయండి

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. రెండు వారాల పాటు ఏమీ మార్చకండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, కేవలం రాయండి. మార్చడం మొదలుపెడితే అసలు రూపం దాక్కుంటుంది.

రోజూ పడుకునే ముందు పది నిమిషాలు చాలు. ఈ కింది వాటికి ఒక్కో వాక్యంలో జవాబు రాయండి.

పని లేనప్పుడు, ఎవరూ పిలవనప్పుడు, మనసు తనంతట తాను ఎటు వెళ్లింది? బస్సు కోసం నిలబడినప్పుడు, స్నానం చేస్తున్నప్పుడు, ప్రార్థన మధ్యలో కూడా అది వెళ్లి వాలే కొమ్మ ఏది?

ఈ రోజు దేనికి భయపడ్డాను? పొద్దున మెలకువ రాగానే గుండెల్లో బరువుగా తగిలిన మొదటి ఆలోచన ఏమిటి?

ఎక్కడ కోపం వచ్చింది, జరిగినదాని కంటే నా కోపం పెద్దదిగా ఉందా? నా అనుభవంలో అన్నిటికంటే నిజం చెప్పే ప్రశ్న ఇదే. విగ్రహానికి దెబ్బ తగిలినప్పుడు మనం మామూలు కంటే పెద్దగా అరుస్తాం. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు ప్రజలు "ఎఫెసీయుల అర్తెమిదేవి మహాదేవి" అని దాదాపు రెండు గంటలు కేకలు వేశారు. ఆ గొడవను రేపిన వెండి పనివాడు దేమేత్రియ ముందుగా చెప్పిన మాట మాత్రం వాళ్ల ఆదాయం గురించి. చిన్న వ్యాఖ్యకు రెండు గంటల పాటు మీ లోపల కేకలు చెలరేగితే, ఆ వ్యాఖ్య దేన్ని తాకిందో రాసుకోండి.

దేని కోసం ఈ రోజు అబద్ధమాడాను, లేదా నిజాన్ని కొంచెం వంచాను?

వీటికి తోడు రెండు లెక్కలు తీయండి. ఒకటి, గత మూడు నెలల ఖర్చు. ఇంటి అద్దె, మందులు, పిల్లల ఫీజు వంటి తప్పనిసరి వాటిని పక్కన పెట్టి, మీ ఇష్టం మీద పెట్టిన ఖర్చును మాత్రం చూడండి. "నీ ధనమెక్కడ నుండునో అక్కడనే నీ హృదయము ఉండును" అని ప్రభువు చెప్పిన మాటకు ఆ కాగితం కంటే సూటైన వ్యాఖ్యానం దొరకదు. రెండోది, ఫోను. ఏ యాప్ మీద రోజుకు ఎన్ని గంటలు గడిపారో ఫోను సెట్టింగుల్లోనే కనిపిస్తుంది. అంకె చూసి కంగారు పడకండి. ఆ గంటల్లో ఏమి వెతుకుతున్నారో అడగండి. కొందరు వినోదం వెతుకుతారు. ఎక్కువమంది తమను ఎవరైనా గుర్తించారా అని వెతుకుతారు.

మూడో అడుగు: కొమ్మను వదిలి వేరు దాకా వెళ్లండి

రెండు వారాల తర్వాత పుస్తకం తిరగేస్తే రెండు మూడు విషయాలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఉదాహరణకు డబ్బు అనుకుందాం. వెంటనే "నాకు ధనాపేక్ష ఉంది" అని తీర్పు చెప్పేసుకోకండి. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం ధనాపేక్షను నేరుగా విగ్రహారాధన అంటుంది, అది నిజమే. అయితే డబ్బు వెనుక ఎవరి విగ్రహం వారిది.

ఒకాయన పైసా ఖర్చు పెట్టడు. ఎందుకు అని అడిగితే, రేపు ఏమవుతుందో అంటాడు. ఆయన మొక్కుతున్నది భద్రతకు. మరొకామె ఉన్నదంతా వస్తువుల మీద పెడుతుంది, నలుగురిలో తక్కువగా కనిపించడం ఆమె భరించలేదు. ఆమె మొక్కుతున్నది గౌరవానికి. ఇంకొకరు దానధర్మాలు బాగా చేస్తారు, సంఘానికి ధారాళంగా ఇస్తారు, కానీ ప్రతి నిర్ణయం తమ మాట మీద నడవాలి. వాళ్లు మొక్కుతున్నది అధికారానికి. మొదటి వ్యక్తికి "ఇంకా పొదుపు చేయండి" అని, మూడో వ్యక్తికి "ఇంకా ఇవ్వండి" అని సలహా చెబితే వాళ్ల విగ్రహానికి మనమే ధూపం వేసినట్లు అవుతుంది.

అందుకని ప్రతి విషయానికీ "ఇది పోతే ఏమవుతుంది?" అని అడిగి, వచ్చిన జవాబును మళ్లీ అదే ప్రశ్నతో అడగండి. మూడు నాలుగు సార్లు అడిగేసరికి అడుగున ఉన్నది పైకి వస్తుంది. "పిల్లవాడికి మంచి మార్కులు రాకపోతే ఏమవుతుంది? మంచి చదువు దొరకదు. దొరకకపోతే? వాడి బ్రతుకు కష్టమవుతుంది. అయితే?" ఇక్కడ నిజాయితీపరులైన తల్లిదండ్రులు కొంచెం ఆగి, "బంధువుల ముందు నేను తలెత్తుకోలేను" అంటారు. అప్పటివరకు బిడ్డ మీద ప్రేమగా కనిపించినది బిడ్డ నడుం మీద మోపిన బరువని అప్పుడు తెలుస్తుంది. ప్రతి విగ్రహమూ బలి అడుగుతుంది. ఆ బలి చాలాసార్లు మన ఇంట్లోని వారే.

ఒకే ప్రశ్నతో పరీక్షించుకోవాలంటే ఇది అడగండి: దీన్ని పొందడానికి గాని, నిలుపుకోవడానికి గాని దేవుని ఆజ్ఞల్లో దేన్ని పక్కన పెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను? "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అనే ఆజ్ఞ మొదటిది కావడానికి కారణం ఇక్కడే కనిపిస్తుంది. మిగతా తొమ్మిదింటిలో ఏది మీరినా, దాని వెనుక ముందుగా ఈ మొదటిది మీరిన జాడ ఉంటుంది.

నాలుగో అడుగు: పేరు పెట్టి ఒప్పుకోండి

"ప్రభువా, నా హృదయంలో ఏమైనా విగ్రహాలుంటే క్షమించు" అనే ప్రార్థన వినడానికి బాగుంటుంది గాని, అది ఎవరినీ కదిలించదు. పేరు పెట్టండి. "ప్రభువా, పై అధికారి మెప్పు కోసం ఈ నెలలో రెండుసార్లు నా సహోద్యోగి మీద తప్పు నెట్టాను. నీ మెప్పు కంటే ఆయన మెప్పు నాకు పెద్దదైంది." ఇలా చెప్పేటప్పుడు గొంతు పట్టేస్తుంది. పట్టేయాలి. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని 139వ కీర్తనలో దావీదు అడిగినది ఇలాంటి వెలుతురే.

తర్వాత ఒక మనిషికి చెప్పండి. రాహేలు తన తండ్రి లాబాను గృహదేవతలను ఎత్తుకువచ్చి, ఒంటె సామగ్రిలో పెట్టి వాటి మీద కూర్చుంది. లాబాను గుడారమంతా వెతికినా దొరకలేదు. మనం కూర్చున్న చోటు కింద ఉన్నదాన్ని మనం చూడలేం, లేవమని చెప్పే మనిషి కావాలి. నోరు జారని వ్యక్తిని, మీకు భయపడని వ్యక్తిని, మీ తప్పు విని ఆశ్చర్యం నటించని వ్యక్తిని ఎంచుకోండి. పురుషుడు పురుషుడికి, స్త్రీ స్త్రీకి చెప్పుకోవడం మంచిది. భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకోగలిగితే అది గొప్ప మేలు. అయితే భాగస్వామే మీకు విగ్రహమైన సందర్భంలో మూడో మనిషి తప్పనిసరి. యాకోబు పత్రిక 5వ అధ్యాయం పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకొమ్మన్న చోటే, ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేయమని కూడా చెప్పింది. విన్న వ్యక్తి ఆ రెండో పని చేయకుండా మిమ్మల్ని పంపించకూడదు.

ఐదో అడుగు: పగలగొట్టాలా, హద్దు పెట్టాలా, చేయి తెరవాలా తేల్చుకోండి

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఉత్సాహంలో అన్నిటినీ ఒకేలా పగలగొట్టాలని చూస్తారు, రెండు నెలలకే అలసిపోతారు. లేఖనంలో దేవుని ప్రజలు అన్ని విగ్రహాలతో ఒకే రకంగా వ్యవహరించలేదు.

కొన్నిటిని పూర్తిగా వదిలేయాలి. బేతేలుకు వెళ్లే ముందు యాకోబు ఇంటివాళ్ల దగ్గరున్న అన్యదేవతలను, చెవిపోగులను తీసుకుని షెకెము దగ్గరి చెట్టు కింద పాతిపెట్టాడు. ఎఫెసులో మాంత్రిక విద్య వదిలినవాళ్లు తమ పుస్తకాలు అందరి ఎదుట కాల్చేశారు, వాటి వెల 50,000 వెండి నాణేలని లెక్క తేలింది. వాళ్లు ఆ పుస్తకాలను అమ్మి సొమ్ము సంఘానికి ఇవ్వలేదు. తమను బంధించినదాన్ని మరొకరి చేతికి అందించడం వాళ్లకు తోచలేదు. జ్యోతిషం, తాయెత్తు, శకునాల మీద నమ్మకం, రహస్య సంబంధం, పందేలు, అశ్లీల చిత్రాలు ఈ కోవలోకి వస్తాయి. వీటిని "తగ్గించుకుంటాను" అనకండి. ఖాతా మూసేయండి, నంబరు తీసేయండి, తాళంచెవి తిరిగి ఇచ్చేయండి. ఎవరికైనా నష్టం చేసి ఉంటే జక్కయ్యలా సరిదిద్దండి. ఆయన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలుగా తిరిగి చెల్లిస్తానని నోటితో అంకెలు చెప్పాడు. పశ్చాత్తాపానికి అంకెలుండటం మంచిది.

కొన్నిటికి హద్దు చాలు. ఫోను, ఆటలు, వార్తలు, వ్యాయామం, కొనుగోళ్లు, రాజకీయ చర్చలు. వీటికి ఉపవాసం అనే పాత ఆయుధమే పనిచేస్తుంది. వారంలో ఒక రోజు పూర్తిగా మానండి. ఆ రోజు ఎంత అసహనం కలుగుతుందో అది మీ మీద ఎంత పట్టు సంపాదించిందో చెబుతుంది. మూడు నాలుగు వారాలైనా ఆ అసహనం తగ్గకపోతే 40 రోజులు ఆపండి, విషయాన్ని నాలుగో అడుగులో ఎంచుకున్న వ్యక్తికి చెప్పండి. పని విషయంలో వారానికి ఒక విశ్రాంతి దినం పాటించండి. విశ్రాంతి దినం అంటే సోమరితనం కాదు, ఈ లోకం నా చేతుల మీద నడవడం లేదని నా శరీరంతో ఒప్పుకోవడం. డబ్బు విషయంలో, మీకు కొంచెం నొప్పి కలిగించేంత మొత్తాన్ని ఎవరికీ తెలియకుండా ఇవ్వండి. పేరు లేకుండా ఇచ్చినది ధనాపేక్షను, కీర్తి కాంక్షను ఒకే దెబ్బతో కొడుతుంది. "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు" అన్న ప్రభువు సిరిని యజమానులతో పోల్చి మాట్లాడాడు. యజమాని మాట వినడం మానేస్తేనే దాస్యం తీరిందని తెలుస్తుంది. ఇవ్వడం అంటే సిరి మాట వినకపోవడం.

మూడో రకం అన్నిటికంటే కష్టమైనది. భర్త, భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, నిజాయితీగా చేసే ఉద్యోగం, పిలుపు పొందిన పరిచర్య. వీటిని వదలకూడదు, తక్కువ ప్రేమించకూడదు. వీటి విషయంలో చేయవలసినది చేయి తెరవడం. అబ్రాహాము మోరీయా కొండ మీద ఇస్సాకును దేవుని ముందు పెట్టాడు, తిరిగి అందుకున్నాడు. కొండ ఎక్కినప్పుడూ దిగినప్పుడూ పక్కన నడిచినది ఆ కుమారుడే. ఎక్కేటప్పుడు ఆ తండ్రి చేతిలో ఉన్న పట్టు మాత్రం దిగేటప్పుడు లేదు. ఆచరణలో దీన్ని ఇలా చేయవచ్చు: వారానికి ఒకసారి ఆ వ్యక్తి పేరు చెప్పి, రెండు చేతులూ చాచి, "ప్రభువా, వీడు నీవాడు. నాకు అప్పగించావు. నీ ఇష్టం వచ్చినట్లు నడిపించు" అని గట్టిగా పలకండి. మొదటి నెలల్లో ఆ మాట నోటివరకే ఉంటుంది. ఫరవాలేదు, పలకండి. తర్వాత ఆ వారంలోనే ఒక చిన్న నిర్ణయాన్ని ఆ బిడ్డకే, ఆ భాగస్వామికే వదిలిపెట్టండి. ప్రార్థనలో తెరిచిన చేయి ఇంట్లోనూ తెరుచుకోవాలి కదా.

ఆరో అడుగు: ఖాళీ అయిన చోటు నింపండి

అపవిత్రాత్మ వెళ్లిపోయాక ఊడ్చి అమర్చిన ఇల్లు ఖాళీగా ఉండటం చూసి, తనకంటే చెడ్డవైన ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చిందని మత్తయి 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. వదలడం మాత్రమే తెలిసిన భక్తి ఇలాగే ముగుస్తుంది. తాగుడు మానినవాడు మానానన్న గర్వాన్ని పూజిస్తాడు. టీవీ అమ్మేసినవాడు టీవీ ఉన్న సహోదరుణ్ణి చిన్నచూపు చూస్తాడు. థెస్సలొనీకయుల గురించి పౌలు రాసినప్పుడు వాళ్లు విగ్రహాలను విడిచారని మాత్రమే రాయలేదు, జీవముగల దేవుని వైపు తిరిగారని రాశాడు.

నింపడానికి నాకు బాగా పనికివచ్చినది కృతజ్ఞత. 1 తిమోతి 4వ అధ్యాయంలో దేవుడు చేసిన ప్రతిదీ మంచిదే, కృతజ్ఞతతో పుచ్చుకుంటే ఏదీ పారవేయవలసినది కాదు అని ఉంది. ఈ వాక్యం తాళంచెవి లాంటిది. కృతజ్ఞత చెప్పిన ప్రతిసారీ ఒక వస్తువు విగ్రహం స్థానం నుంచి దిగి బహుమానం స్థానంలో కూర్చుంటుంది, ఎందుకంటే బహుమానం అన్నాక ఇచ్చినవాడు గుర్తుకు వస్తాడు. అందుకే మీ పుస్తకంలో గుర్తించిన ప్రతి విగ్రహం ఎదురుగా, అది మొదట ఏ మేలుగా మీ దగ్గరికి వచ్చిందో రాసి, దానికి దేవునికి స్తుతి చెల్లించండి.

రెండోది, అది మీకు ఇస్తానన్న వాగ్దానం ఎదురుగా దేవుని వాగ్దానాన్ని కంఠతా పట్టండి. భద్రత మీ విగ్రహమైతే 23వ కీర్తన, మనుషుల మెప్పు అయితే గలతీయులకు 1వ అధ్యాయం 10వ వచనం, అధికారమైతే ఫిలిప్పీయులకు 2వ అధ్యాయంలో తన్ను తాను రిక్తునిగా చేసుకున్న క్రీస్తు. యిర్మీయా 2వ అధ్యాయం జీవజలాల ఊటను వదిలి, నీళ్లు నిలువని పగిలిన తొట్లను తొలిపించుకున్న ప్రజల గురించి చెబుతుంది. తొట్టి పగిలిందని తెలిసినంత మాత్రాన దాహం తీరదు. ఊట దగ్గరికి వెళ్లి తాగాలి. వాక్యం, ప్రార్థన, ప్రభువు బల్ల, విశ్వాసుల సహవాసం మీరు తాగే చోట్లు. అవి రుచించని రోజుల్లో కూడా అక్కడికే వెళ్లండి.

సంఘంలోనే పుట్టేవాటి గురించి

ఇది విడిగా చెప్పాలి. ఎందుకంటే ఇవి మందిరం బట్టలు కట్టుకుని ఉంటాయి.

ఏలీ కుమారుల కాలంలో ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయి, దేవుని సన్నిధికి గుర్తైన నిబంధన మందసాన్ని యుద్ధానికి మోసుకువెళ్లారు. అది ఉంటే గెలుస్తామనుకున్నారు. 30,000 మంది కాల్బలం కూలింది, మందసం శత్రువుల పాలైంది. దేవుణ్ణి వెదకకుండా దేవుని గుర్తును మాత్రం పట్టుకుంటే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం. ప్రార్థించి ఇచ్చిన నూనె, మెడలోని సిలువ, దిండు కింద పెట్టుకున్న బైబిలు, గోడ మీది వాగ్దాన వాక్యం, వీటిలో శక్తి ఉందని మనసు నమ్మడం మొదలుపెడితే అది మందసాన్ని మోసుకెళ్లినట్లే. పరీక్ష చాలా సులువు: అది ఒక రోజు కనిపించకపోతే మీకు దేవుడు దూరమైనట్లు అనిపిస్తుందా?

సేవకుల విషయం ఇంకా సున్నితమైనది. వాక్యం చెప్పేవారిని గౌరవించమని లేఖనమే చెబుతుంది. అయితే కొర్నేలీ కాళ్ల మీద పడగానే పేతురు అతణ్ణి లేవనెత్తి, తానూ మనిషినేనన్నాడు. లుస్త్రలో జనం తమను దేవుళ్లనుకుని బలి అర్పించబోతే బర్నబా, పౌలు బట్టలు చించుకున్నారు. మీ సేవకుడి మాటను బైబిలుతో పోల్చి చూడటం తప్పని మీకు అనిపిస్తోందా? ఆయన ప్రార్థిస్తేనే దేవుడు వింటాడని, మీరు ప్రార్థిస్తే వినడని లోలోపల నమ్ముతున్నారా? ఆయన తప్పు బయటపడితే మీ విశ్వాసమే కూలిపోతుందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా, ఆయనను మీరు ఎక్కించిన పీఠం నుంచి ప్రేమతో దించండి. ఇది ఆయనకు కూడా మేలే. మీరే సేవకులైతే, పేతురు చేసిన పని చేయండి: పడినవాణ్ణి వెంటనే, అందరి ముందే లేవనెత్తండి. మీ చిత్రపటం ఎక్కడెక్కడ ఎంత పెద్దదిగా ఉందో ఒకసారి చూసుకోండి.

సంఖ్య, భవనం, సంగీతం, మన శాఖ పేరు, సిద్ధాంతంలో మన ఖచ్చితత్వం కూడా ఈ వరుసలోనివే. యెహోవా ఆలయం, యెహోవా ఆలయం అని మూడుసార్లు పలుకుతూ అన్యాయం చేసినవాళ్లను యిర్మీయా 7వ అధ్యాయం హెచ్చరించింది.

మరీ సున్నితమైన మనస్సాక్షి ఉన్నవారికి

ఈ వ్యాసం చదివి కొందరు తేలికగా పేజీ తిప్పేస్తారు. కొందరు మాత్రం రాత్రంతా నిద్రపోరు. నా బిడ్డను ముద్దాడటం విగ్రహారాధనా, నాకు ఇష్టమైన వంట తిన్నానే, కొత్త చీర చూసి సంతోషించానే అని తమను తాము పొడుచుకుంటారు. మీరు అలాంటివారైతే, దయచేసి రెండో అడుగులోని రోజువారీ పుస్తకం రాయకండి. ఆరో అడుగుతో మొదలుపెట్టండి, కృతజ్ఞత మాత్రం రాయండి. సంతోషం పాపం కాదు. మన హృదయం మన మీద దోషారోపణ చేసినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని చెప్పింది, విగ్రహాల జోలికి పోవద్దన్న ఆ యోహానే. తప్పు చేశానేమోనన్న ఆలోచన ఆగకుండా తిరుగుతూ, ఒప్పుకున్నదాన్నే మళ్లీ మళ్లీ ఒప్పుకోవలసి వస్తుంటే, కాపరితో పాటు మానసిక వైద్యుణ్ణి కూడా కలవండి. అది అవిశ్వాసం కాదు. తనను తాను తవ్వుకోవడమే పనిగా పెట్టుకున్న మనసుకు క్రీస్తు ముఖం చూసే తీరిక ఉండదు.

ఏడో అడుగు: కావలి సమయాలు పెట్టుకోండి

ఒకసారి దించిన విగ్రహం మరో పేరుతో వస్తుంది. అష్డోదులో ఫిలిష్తీయుల దేవత దాగోను విగ్రహం మందసం ముందు బోర్లా పడితే, అష్డోదువాళ్లు మళ్లీ లేవనెత్తి నిలబెట్టారు. మన పాత అలవాట్లు కూడా అలాగే మళ్లీ నిలబెట్టడానికి చూస్తాయి. కాబట్టి మూడు నెలలకొకసారి రెండు గంటలు ఒంటరిగా కూర్చుని రెండో అడుగులోని ప్రశ్నలను మళ్లీ అడగండి. క్యాలెండరులో తారీఖు ముందే గుర్తు పెట్టుకోండి, మనసుకు తోచినప్పుడు చేద్దామంటే జరగదు.

ఇవి కాక, అదనంగా మెలకువగా ఉండవలసిన సందర్భాలు మూడు ఉన్నాయి. పెద్ద విజయం తర్వాత: గిద్యోను మిద్యానీయుల మీద గెలిచి, దోచిన బంగారు పోగులతో ఏఫోదు (యాజకులు ధరించే వస్త్రం) చేయించాడు, 1,700 తులాల బంగారం, ఇశ్రాయేలంతా దాని వెంట పోయింది. పెద్ద నష్టం తర్వాత: ఖాళీ అయిన గుండె దొరికినదాన్ని పట్టుకుంటుంది. వయసు మళ్లాక: సొలొమోను హృదయం తిరిగిపోయినది వృద్ధాప్యంలోనే అని 1 రాజులు 11వ అధ్యాయం చెబుతుంది. దేవాలయం కట్టినవాడికి, రెండుసార్లు దేవుణ్ణి దర్శనంలో చూసినవాడికి జరిగినది మనకు జరగదని అనుకోవద్దు.

నేను మళ్లీ పాటలు నడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. కాపరి అడిగారు, నేను ఇంకొన్నాళ్లు ఆగమన్నాను. ఆ ఏడాదిన్నరలో వెనుక వరుసలో నిలబడి, ఆ యువకుడు ఎత్తుకున్న పాటనే, నాకు అలవాటు లేని శ్రుతిలో పాడటం నేర్చుకున్నాను. మొదట్లో అతని పేరు ప్రార్థనలో చెప్పడానికే నోరు రాలేదు. మూడో నెలలో ఒక ఆదివారం అతను శ్రుతి తప్పితే, నా లోపల సంతోషం కలగలేదని గమనించాను. ఆ రాత్రి నోటు పుస్తకంలో తారీఖు వేసి, ఆ ఒక్క వాక్యం రాసి పడుకున్నాను.